రెండు చప్పుళ్ళ మధ్య

ఇంకా పట్టా చేతికి రాలేదు గానీ, ఆ పిల్లకు ఇంట్లో చిన్ననాటి నుంచే డాక్టరమ్మ అని పేరు. పెట్టింది నాయనమ్మ. అమ్మ కుట్టుమిషను మీది టేపు మెడలో వేసుకుని, ఇంటికొచ్చిన చుట్టాలందరి పొట్టలూ నొక్కి చూసి, "మీకు రేపటికి తగ్గిపోతుంది" అని చెప్పేదట. చుట్టాలు నవ్వి ఊరుకునేవారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు, నమ్మింది. ఆ నమ్మకం వట్టిపోలేదు. పిల్ల మెడిసిన్‌లో సీటు తెచ్చుకుంది, ఆఖరి సంవత్సరానికి వచ్చింది, పుస్తకంలో ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఒక్కటే లోపం. ఆమెకు మర్మర్ వినపడదు.

అదేమిటో చెప్పకపోతే కథ ముందుకు సాగదు. గుండె మీద స్టెతస్కోపు పెడితే లబ్, డబ్ అని రెండు చప్పుళ్ళు వినిపిస్తాయి. అవి అందరికీ వినిపిస్తాయి, డాక్టరమ్మకూ వినిపించేవి. గుండెలో కవాటం ఏదైనా బిగుసుకుపోయినా, సరిగ్గా మూసుకోకపోయినా ఆ రెండింటి మధ్యా ఇంకో శబ్దం పుడుతుంది. దాన్నే మర్మర్ అంటారు. పెద్దాసుపత్రిలో ప్రొఫెసరుగారు మంచం చుట్టూ విద్యార్థుల్ని నిలబెట్టి, "ఇదిగో, ఇక్కడ మర్మర్. విన్నారా?" అనేవారు. ఒకరి తర్వాత ఒకరు వంగి, రెప్పపాటు విని, గంగిరెద్దులా తల ఊపి పక్కకు జరిగేవారు. డాక్టరమ్మా ఊపింది. ఒకసారి వెనక వరసలోంచి ఒక అమాయకుడు "నాకు వినపడలేదు సార్" అన్నాడు. ప్రొఫెసరుగారు రోగి ఎదుటే వాణ్ణి ఉతికి ఆరేశారు. మర్నాటి నుంచి వాడికి కూడా అన్నీ వినిపించడం మొదలుపెట్టాయి. ఆ బ్యాచిలో నిజంగా విన్నవాళ్ళెందరో దేవుడికే ఎరుక.

అలా తలూపుతూ తలూపుతూ, వినపడలేదని చెప్పుకునే అదను దాటిపోయింది. మొదటి ఏడాది చెబితే అమాయకత్వం. ఆఖరి ఏడాది చెబితే, ఇన్నాళ్ళూ ఏం వెలగబెట్టావని అడగరూ? అందుకని ఆమె ఇంకో విద్య నేర్చింది. చెవులతో కాకుండా కళ్ళతో వినడం. రోగి గుండెలో ఏదైనా ఉంటే పరీక్ష పెట్టేవారి కనుబొమలు కాస్త పైకి లేస్తాయి, పెదవి ఒక పక్కకు బిగుస్తుంది. ఏమీ లేకపోతే ముఖం ఖాళీగా ఉంటుంది. స్టెతస్కోపు రోగి మీద, చూపు మాస్టారి ముఖం మీద పెట్టి ఆమె పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇంట్లో కూడా అదే వరస. సెలవులకు వెళ్తే నాయనమ్మ జాకెట్టు గుండీ తీసి కూర్చునేది. అమ్మ, నాన్న, బాబాయి చుట్టూ చేరేవారు. "బ్రహ్మాండంగా ఉంది నాయనమ్మా" అనేది డాక్టరమ్మ. ముసలావిడ ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది. అలాంటి అబద్ధం వల్ల ఎవరికేం నష్టం అనుకునేది పిల్ల. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆఖరి ఏడాదిలో కొన్ని వారాలు వీధిలో ఉండే మామూలు డాక్టరు దగ్గర పని నేర్చుకోవాలని నియమం ఉంది. ఆమె వంతుకు వచ్చినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన క్లినిక్కు రెండు గదులు, మధ్యలో ఒక తెర. బయటి గదిలో బల్లలు, బరువు చూసే యంత్రం, రోగుల్ని లోపలికి పంపే ఒక నర్సు, ఎప్పుడూ ఎవరిదో ఒకరిది దగ్గు. లోపలి గదిలో రోగి పడుకునే ఎత్తు బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, నాలుక నొక్కి చూసే పుల్లలున్న గాజుసీసా. కిటికీ అవతల బండ్లు బాగుచేసే షెడ్డు. పొద్దున తెరిచింది మొదలు సుత్తి దెబ్బలే.

పెద్దాయన చేతిలో పని నేర్చుకోవడం ఆమెకు కొత్తగా, ఇష్టంగా ఉండేది. "పొట్ట ముట్టుకునే ముందు అరచేతులు రుద్దుకో అమ్మా. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది, ఉన్నది చెప్పదు" అనేవాడు. "నిలబడి అడిగితే జ్వరం సంగతి చెబుతారు. కూర్చుని అడిగితే ఇంటి సంగతి చెబుతారు" అనేవాడు. పిల్లల గొంతు చూడాలంటే ముందు తన గొంతు వాళ్ళకు చూపించమన్నాడు. ఆమె చూపించింది. పిల్లలు పకపకా నవ్వి నోళ్ళు తెరిచారు. పెద్దాయన రోగిని చూసిన ప్రతిసారీ తన స్టెతస్కోపు తీసేసి, "నువ్వు విను. ఏం వినపడిందో చెప్పు" అనేవాడు. ఆయాసం మనుషుల ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు ఆమెకు బాగానే వినపడేవి, ఉన్నదున్నట్టు చెప్పేది. ఆయన తల పంకించేవాడు. రోజూ జరిగే ఈ ప్రశ్నోత్తరాలు కూడా పరీక్షే అనుకుంది ఆమె. ఇన్నేళ్ళుగా ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నా పరీక్షే మరి, వేరే ఎలా అనుకుంటుంది?

ఒక రోజు పొద్దున్నే గోడలకు రంగులు వేసే ఒకాయన వచ్చాడు. సన్నటి మనిషి. మోచేతుల మీదా, చెవి తమ్మెల మీదా ఆకుపచ్చ చుక్కలు. పక్కనే భార్య. ఇద్దరూ కలిసే పని చేస్తారు. ఆయన నిచ్చెన మీద, ఆవిడ కింద నిచ్చెన పట్టుకుని.

"నిచ్చెన ఎక్కుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి డాక్టరుగారూ. రంగు వాసన పడటం లేదనుకుంటా" అన్నాడు రంగులాయన.

"వాసన కాదండీ" అంది భార్య. "పుట్టి బుద్ధెరిగాక ఈ మనిషి పీల్చింది ఆ వాసనే. ఇన్నాళ్ళూ పడింది, ఇప్పుడు పడకుండా పోతుందా? మొన్న పై మెట్టు మీద గోడకి ఆనుకుని అలా ఉండిపోయాడు. పిలిస్తే పలకలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి."

"దీనికి అన్నిటికీ కంగారే. ఇవాళ బడి మేడ మీద కిటికీలు అవగొట్టాలి. ఏదో ఒక మాత్ర ఇస్తే పోతాను."

పెద్దాయన తొందరపడలేదు. రంగులాయన మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత రెండు వేళ్ళు మెడ పక్కన ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు స్టెతస్కోపుతో విన్నాడు. మళ్ళీ విన్నాడు. తీసి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "నువ్వు విను తల్లీ. నిదానంగా విను."

ఆమె వంగింది. బయట ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. షెడ్డులో సుత్తి మోగుతోంది. లబ్, డబ్. లబ్, డబ్. వాటి మధ్య ఏదైనా ఉందా? ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. అలవాటు చొప్పున ఆమె చూపు పెద్దాయన ముఖం మీదికి పోయింది. కనుబొమలు లేవలేదు. పెదవి బిగుసుకోలేదు. ముఖం ఖాళీగా ఉంది.

"మామూలుగానే ఉందండీ" అంది.

"బాగా విన్నావా?"

"విన్నానండీ. రెండు చప్పుళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు." అడగని మాట కూడా కలిపి చెప్పింది, గట్టిగా ఉంటుందని.

పెద్దాయన ఒక్క క్షణం ఆగి తల ఊపాడు. వేళకు తినమని, మంచినీళ్ళు బాగా తాగమని, వారం పోయాక మళ్ళీ కనిపించమని చెప్పి మాత్రలు రాశాడు. రంగులాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ భార్యతో, "విన్నావా? శుభ్రంగా ఉందట. చిన్న డాక్టరమ్మ కూడా చెప్పింది" అన్నాడు. ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగి, గుండెల మీంచి బరువు దింపుకున్నట్టు నవ్వింది. ఇద్దరూ గబగబా బడి వైపు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, నర్సు తలుపు దగ్గరకు వేసింది. ముగ్గురూ లోపలి గదిలో డబ్బాలు తెరిచి భోజనాలకు కూర్చున్నారు. తింటూ తింటూ పెద్దాయన అన్నాడు: "నువ్వు నాకు ఎంత సాయం చేస్తున్నావో నీకు తెలియదమ్మా."

"నేనేం చేశానండీ? మీరే నేర్పిస్తున్నారు."

నర్సు తలెత్తి ఆయన వైపు చూసింది. చెప్పెయ్యండి అన్నట్టుంది ఆ చూపు.

"పోయినేడు ఒక జ్వరం వచ్చింది నాకు" అన్నాడు పెద్దాయన. "తగ్గుతూ తగ్గుతూ ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిచెవి మాటలకు పనికొస్తుంది గానీ సన్నటి శబ్దాలు అందవు. చెవి మిషను పెట్టుకుంటే స్టెతస్కోపు పెట్టుకోలేను. సిస్టరుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు, మానేద్దామంటే మనసొప్పదు. మీ కాలేజీ వాళ్ళు విద్యార్థిని పంపుతామంటే సరేనన్నది అందుకే. నేర్పడానికి ఒప్పుకున్నానని వాళ్ళనుకున్నారు. నాకు కావలసింది ఒక జత చెవులు."

డాక్టరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇవాళ్టి రంగులాయన ఉన్నాడే, అతని నాడి నాకు నచ్చలేదు. గబుక్కున లేవాల్సింది, బద్ధకంగా, ఈడ్చుకుంటూ లేచింది. మెడ దగ్గరా అంతే. గుండెలోంచి రక్తం బయటికి పోయే దారిలో కవాటం ఏమైనా బిగిసిందేమో, పెద్దాసుపత్రికి పంపుదామా అనుకున్నాను. నువ్వు శుభ్రంగా ఉందన్నావు. నా చేతికీ వయసైపోయింది కాబోలని ఊరుకున్నాను."

ఆమెకు ఆయన ముఖం ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు తెలిసింది. అది పరీక్ష పెట్టేవాడి ముఖం కాదు, జవాబు కోసం ఎదురుచూసే మనిషి ముఖం. ఈ గదిలో ఆయన అడిగినవన్నీ ప్రశ్నలే, ఒక్కటీ పరీక్ష కాదు. జవాబు తెలియక అడిగినవాడికి, తెలియకుండానే జవాబు చెప్పింది తను. అక్కడ ఆ మనిషి నిచ్చెన ఎక్కుతూ ఉండి ఉంటాడు. ఎక్కేటప్పుడే గుండె మీద భారం పడుతుందని, బిగిసిన కవాటం చాలినంత రక్తం వదలదని, కళ్ళు తిరిగి పడిపోతారని పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా ఆమెకు తెలుసు.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. వారం పోయాక ఎలాగూ మళ్ళీ వస్తాడు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని ఎందుకు దాచాలి? వచ్చి, ఒక గుటక వేసేంతసేపు నిలిచి పోయింది.

"నాకేమీ వినపడలేదండీ" అంది.

"శుభ్రంగా ఉందనేగా అన్నావు?"

"అలా కాదండీ. ఉందో లేదో నాకు తెలియలేదు. మీ ముఖం చూసి చెప్పాను." అంతవరకు వచ్చాక మిగిలింది ఆగలేదు. "నాకు మర్మర్ వినడం రాదండీ. ఎప్పుడూ వినపడలేదు. అందరూ తలూపితే నేనూ ఊపాను. అలాగే ఇక్కడిదాకా వచ్చాను." ఏడుపు తన్నుకొచ్చింది. ఎంగిలి చేత్తో కళ్ళు తుడుచుకోబోయి ఆగింది.

పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది. లేచి తొట్టిలో చెయ్యి కడుక్కున్నాడు. "నీది సగం తప్పు, నాది సగం. చెయ్యి చెప్పింది నేను వినాల్సింది" అన్నాడు. "ఏడవడానికి తర్వాత బోలెడు టైముంది. స్టెతస్కోపు తీసుకో. సిస్టరూ, ఎవరైనా వస్తే కూర్చోపెట్టు."

బడి రెండు సందుల అవతలే. ఆ కాస్త దూరానికే పెద్దాయనకు రొప్పు వచ్చింది. గేటు దాటగానే కనిపించాడు రంగులాయన. మేడ కిటికీ పక్కన, పొడుగాటి నిచ్చెన చివరి మెట్ల మీద. ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చెయ్యి చూరుకు. కింద భార్య, అడుగు మెట్టు మీద కాలు వేసి తొక్కిపెట్టి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఉంది. డాక్టరమ్మ నోరు తెరవబోయింది.

"అరవకు" అన్నాడు పెద్దాయన. "ఉలిక్కిపడతాడు."

ఆమె మెల్లగా భార్య దగ్గరికి వెళ్ళి, "ఆయన్ని నెమ్మదిగా దిగమనండి పిన్నిగారూ. మేం వచ్చామని చెప్పొద్దు" అంది. ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా గొంతు మాత్రం మామూలుగానే పెట్టింది. "ఏమయ్యా! ఒకసారి దిగు. రంగు చిక్కబడింది, కలిపిస్తాను."

ఆయన గొణుక్కుంటూ దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక ఆగాడు. మెట్టుకు నుదురు ఆనించి ఉండిపోయాడు. కింద ఆడవాళ్ళిద్దరూ నిచ్చెనను కరుచుకున్నారు. కాసేపటికి ఆయన కాలు కింది మెట్టును వెతుక్కుంది. నేల మీద అడుగు పెట్టాక, చుట్టూ చూసి, "ఏంటండీ డాక్టరుగారూ, మీ క్లినిక్కుకి కూడా రంగు వెయ్యాలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బడికి సెలవులు. ఒక తరగతి గదిలో బల్లలన్నీ గోడకు చేర్చి పాత గుడ్డలు కప్పారు. తలుపు వేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. పెద్దాయన రంగులాయన్ని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, ముందుకు వంగమన్నాడు. డాక్టరమ్మ చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుంది. అలవాటుగా పెద్దాయన ముఖం వైపు చూసింది. "ఇక్కడేమీ లేదమ్మా" అని ఆయన ఆమె వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. కుడిచేతి వేళ్ళు రంగులాయన మెడ మీద నాడిపైన పెట్టాడు. ఎడమచెయ్యి ఆమె భుజం మీద వేశాడు. "నాడి లేచినప్పుడల్లా నీ భుజం మీద తడతాను. నేను తట్టే వేళకు అక్కడ ఏముందో విను. లబ్, డబ్ వదిలెయ్. వాటి మధ్య సందు విను. ఊపిరి వదిలి ఆపవయ్యా."

తట్టాడు. తట్టాడు. తట్టాడు.

"వినపడిందా?"

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. "లేదండీ" అంది. అనేసరికి చెవుల దాకా ఎర్రబడింది. ఆకాశం మాత్రం విరిగి మీద పడలేదు.

"పరవాలేదు. కాస్త పైకి జరుపు. రొమ్ము ఎముకకు కుడిపక్కన. మళ్ళీ."

"నాకేం తొందర లేదు తల్లీ, విను" అన్నాడు రంగులాయన. భార్య గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. భుజం మీద వేలు తడుతూనే ఉంది. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. ఏ ముఖమూ కనబడకుండా కళ్ళు మూసుకుంది. లబ్ అయింది, వేలు తట్టింది, డబ్ వచ్చేలోపు... అక్కడ ఖాళీ లేదు. గోడకు ఉప్పుకాగితం రుద్దినట్టు గరగరమంటోంది. మొదలై, పెరిగి, తగ్గి, ఆగింది. మళ్ళీ వేలు తట్టింది, మళ్ళీ గరగర. ఇంతసేపూ ఇంత గట్టిగా ఉన్నదాన్ని ఎలా వినలేదో ఆమెకే అర్థం కాలేదు. స్టెతస్కోపు మెడ దగ్గరికి జరిపింది. అక్కడా ఉంది.

"ఉందండీ" అంది. "రెండింటి మధ్యా. గరుగ్గా ఉంది. మెడదాకా పాకుతోంది."

పెద్దాయన చెయ్యి ఆమె భుజం మీదే కాసేపు ఉండిపోయింది. తర్వాత ఆయన వచ్చి రంగులాయన ఎదురుగా కూర్చున్నాడు. గుండెలో తలుపు లాంటిది ఒకటి ఉంటుందని, అది సరిగ్గా తెరుచుకోవడం లేదని, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలని, తనే వెంట వస్తానని, దానికి వైద్యం ఉందని, అది అయ్యేదాకా నిచ్చెన ముట్టుకోకూడదని నిదానంగా చెప్పాడు. రంగులాయన అంతా విన్నాడు. చివరికి డాక్టరమ్మను అడిగాడు.

"పొద్దున లేదన్నావు కదమ్మా? ఇంతలోకే వచ్చేసిందా?"

పెద్దాయన కలగజేసుకున్నాడు. "క్లినిక్కులో గోలగా ఉంటుందయ్యా, అందుకని..."

"గోల కాదండీ" అంది డాక్టరమ్మ. రంగులాయన ముఖంలోకి చూసింది. ఈసారి జవాబు వెతుక్కోవడానికి కాదు. "పొద్దున కూడా ఉంది బాబాయ్‌గారూ. నాకు వినపడలేదు. వినపడలేదని చెప్పకుండా, ఏమీ లేదని అబద్ధం చెప్పాను. క్షమించండి."

రంగులాయన చొక్కా తీసుకుని చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు. గోడ దగ్గర నుంచి భార్య గొంతు వినిపించింది. "నువ్వు లేదన్నావనే ఎక్కనిచ్చానమ్మా. లేకపోతే ఇవాళ ఎక్కనిచ్చేదాన్ని కాదు."

డాక్టరమ్మ తల వంచుకుంది.

ఆవిడ దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపింది. "ఏదీ, నన్ను విననీ."

డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి ఆవిడ చెవుల్లో పెట్టింది. రెండో కొసను రంగులాయన రొమ్ము మీద ఆనించి పట్టుకుంది. ఇంకో చేత్తో ఆయన మెడ పక్కన నాడి వెతికి, దొరికాక, ఆవిడ చూపుడు వేలు తీసుకుని దాని మీద పెట్టింది. "ఇది కొట్టినప్పుడు వినండి పిన్నిగారూ. రెండు చప్పుళ్ళు వదిలేయండి. మధ్యలో వినండి. తొందర లేదు."

ఆవిడ వింది. నుదురు ముడిపడింది, విప్పుకుంది, మళ్ళీ ముడిపడింది. రంగులాయన చిన్నపిల్లాడిలా కదలకుండా కూర్చుని ఆవిడ వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత నిండాయి. స్టెతస్కోపు తియ్యలేదు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ దీని పక్కనే పడుకున్నానమ్మా" అంది డాక్టరమ్మతో. "నాకూ వినపడలేదు."